పాడైన మైక్రోవేవ్ ఓవెన్‌ను ఇంకా వాడవచ్చా: తేల్చుకునే విధానం

మైక్రోవేవ్ ఓవెన్‌లో ఏదో తేడా కనిపించగానే ఎవరైనా ముందు చూసేది అది వేడి చేస్తోందా లేదా అన్నదే. వేడి చేస్తుంటే ఫరవాలేదనుకుని వాడుతూ పోతారు, చేయకపోతే ఏదో ప్రమాదం పొంచి ఉందని దూరం జరుగుతారు. ఈ లెక్క తలకిందులుగా ఉంది. తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ అనే భాగం పూర్తిగా చచ్చి, ఎంతసేపు తిప్పినా నీళ్లు గోరువెచ్చన కూడా కాని ఓవెన్ నుంచి తరంగాలు బయటికి వచ్చే ప్రశ్నే లేదు, ఎందుకంటే అక్కడ తరంగాలే పుట్టడం లేదు. తలుపు బందు వదులై, గొళ్లెం కొక్కెం ఒకటి విరిగి, అయినా చకచకా నీళ్లు మరిగించి ఇస్తున్న ఓవెన్‌నే అనుమానించాలి. కాబట్టి ఓవెన్‌ను ఉంచుకోవాలా, ఆపాలా అన్న నిర్ణయం, చెడిపోయిన భాగం దేనికి కాపలాగా ఉందో తెలుసుకోవడం మీద ఆధారపడుతుంది.

ఆ పెట్టెలోంచి బయటికి రాకూడనివి మూడున్నాయి: తరంగాలు, హైవోల్టేజీ, మంట. దీపం, తిరిగే పళ్లెం, గడియారం, బీప్ శబ్దం ఈ మూడింటిలో దేనికీ నేరుగా కాపలా కాయవు. తలుపు, దాని స్విచ్‌లు, ఎర్తింగ్, ఫ్యూజు, వేడి పరిమితి దాటితే కరెంటు తెంచే థర్మల్ కటౌట్ కాస్తాయి. మొదటి వరుసలోవి పాడైతే అసౌకర్యంతో సరిపోతుంది, రెండో వరుసలో ఒక్కటి పాడైనా మరమ్మతు అయ్యేదాకా వాడకం ఆపేయాలి.

ఓవెన్ నడిపి చూడవలసినవని విడిగా చెప్పినవి తప్ప, ఏ పరీక్షకైనా ముందు ప్లగ్గును గోడ సాకెట్టు నుంచి తీసేయాలి. ఓవెన్ మీద ఉన్న ఆఫ్ బటన్ నొక్కడం దీనికి సమానం కాదు, ఎందుకంటే గడియారం వెలుగుతున్నంతసేపూ లోపల కంట్రోల్ బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. ఇక్కడ చెప్పబోయే పరీక్షలన్నీ బయటి నుంచి, చేతితో, కంటితో, ముక్కుతో చేసేవే. పైకవరు స్క్రూలు విప్పవలసిన పని ఒక్కదానికీ లేదు. ఎందుకు విప్పకూడదో తరువాత వివరంగా చెబుతాను.

తలుపుతో మొదలుపెట్టండి

మైక్రోవేవ్ ఓవెన్లలో వాడే తరంగాల పౌనఃపున్యం సుమారు 2450 మెగాహెర్ట్జ్, వాటి తరంగదైర్ఘ్యం దాదాపు 12 సెంటీమీటర్లు. తలుపు అద్దంలోంచి లోపలికి చూస్తే సన్నని రంధ్రాలున్న జల్లెడ లాంటి లోహపు రేకు కనిపిస్తుంది. ఆ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు కనుక కంటికి కనిపించే వెలుగు వాటిలోంచి దూరిపోతుంది, 12 సెంటీమీటర్ల తరంగం మాత్రం దూరలేక లోపలికే తిరిగిపోతుంది. తలుపు అంచుల చుట్టూ, ప్లాస్టిక్ పట్టీ వెనుక దాగి, చోక్ అనే గాడి ఒకటి ఉంటుంది. తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు, అంటే సుమారు మూడు సెంటీమీటర్లకు, లెక్కగట్టి చేసిన ఆ గాడి, తలుపుకూ చట్రానికీ మధ్య ఉన్న సన్నని సందులోంచి పారిపోవాలని చూసే తరంగాన్ని వెనక్కి తోసేస్తుంది. అందువల్ల తలుపు చట్రానికి గాలి చొరబడనంతగా అతుక్కోనక్కర లేదు, కానీ వంకర పోకుండా సమంగా మూసుకోవడం తప్పనిసరి.

ఇది తెలిశాక తలుపును ఎలా చూడాలో సులువుగా అర్థమవుతుంది. ప్లగ్గు తీసి, తలుపు మూసి, ముందు నుంచీ పక్కల నుంచీ చూడండి. పైన ఉన్న సందుకూ కింద ఉన్న సందుకూ తేడా కనిపిస్తే బందులు జారాయని అర్థం. తరువాత తలుపు తెరిచి, బయటి అంచును పట్టుకుని మెల్లగా పైకి ఎత్తి చూడండి. బందుల దగ్గర కటకటమని కదిలితే అరుగుదల మొదలైంది. గొళ్లెం కొక్కేలు రెండూ విరగకుండా, స్ప్రింగు బలంతో తిరిగి తమ చోటికి వస్తున్నాయా అన్నది వేలితో నొక్కి చూడవచ్చు. అద్దం పగిలిందా, జల్లెడ రేకు చిరిగిందా లేక సొట్ట పోయిందా, లోపలి ప్లాస్టిక్ పట్టీ మాడి కరిగిందా, తలుపు ఆనే చట్రం ముఖం మీద తుప్పు పొరలుగా లేచిందా అన్నవి తక్కినవి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఓవెన్ ఎంత బాగా వేడి చేస్తున్నా ఆపేయాలి. టేపు వేసి, రబ్బరు బ్యాండు కట్టి, తలుపుకు కుర్చీ ఆనించి నడిపించే ఉపాయాలు కొందరు గొప్పగా చెబుతుంటారు. అవన్నీ కాపలావాణ్ణి నిద్రపుచ్చి తలుపు తాళం తీసిపెట్టడమే.

అన్నిటికన్నా మామూలుగా కనిపించేది జిడ్డు. చట్రం మీద ఎండి గట్టిపడిన ఆహారపు పొక్కులు తలుపును సమంగా మూసుకోనివ్వవు. తడి గుడ్డతో, తేలికపాటి సబ్బు నీటితో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టాక సందు సరైపోతే అక్కడితో సమస్య తీరినట్టే. ఇనుప పీచుతో మాత్రం రుద్దకూడదు, అది రంగును గీకి తుప్పుకు దారి వేస్తుంది, విరిగిన పీచుపోగు లోపల మిగిలితే రేపు నిప్పురవ్వలు రేపుతుంది.

తలుపు మధ్య సన్నని కాగితం పట్టీ పెట్టి మూసి, లాగి చూసే పద్ధతి చాలాచోట్ల చెబుతారు. అన్ని వైపులా ఒకే బిగువుతో కాగితం పట్టుకుంటే తలుపు సమంగా కూర్చుందని అనుకోవచ్చు, అంతకు మించి ఏ హామీ దొరకదు. కాగితం సులువుగా వచ్చేసిందంటే లీకు ఉందనీ కాదు, బిగుసుకుందంటే లీకు లేదనీ కాదు.

తలుపు స్విచ్‌లు చెప్పే మాట

తలుపు తెరవగానే ఓవెన్ ఆగిపోవడం వెనుక సాధారణంగా మూడు చిన్న స్విచ్‌లు ఉంటాయి. రెండు స్విచ్‌లు కరెంటును విడివిడిగా తెంచుతాయి, ఒకటి మొరాయించినా రెండోది పని కానిస్తుంది. మూడోది ఆ రెండింటి మీద నిఘా పెట్టినది. తలుపు తెరిచి ఉన్నా కరెంటు తెగలేదంటే అది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజును కాల్చేస్తుంది. యంత్రం తనను తాను చంపుకునైనా మనిషిని కాపాడాలన్న ఆలోచన అది, ఇంటి సామానులో ఇంత మర్యాద గల ఏర్పాటు మరొకటి నాకు తెలియదు.

మా పాత ఓవెన్ ఒకటి ఉన్నట్టుండి పూర్తిగా ఆరిపోయింది. దీపం లేదు, గడియారం లేదు. వచ్చిన మెకానిక్ ఫ్యూజు మార్చి వెళ్లాడు, నాలుగో రోజున మళ్లీ పోయింది. రెండోసారీ ఫ్యూజే మార్చాడు. మూడోసారి, ఇక పోకుండా ఎక్కువ ఆంపియర్లది వేస్తానన్నప్పుడు నాకు అనుమానం వచ్చి, ఎప్పుడు పోతోందో గుర్తు చేసుకున్నాను: మూడుసార్లూ పని నడుస్తుండగా తలుపు లాగిన క్షణంలోనే, చిన్న టప్ శబ్దంతో. అంటే ఫ్యూజు పాడు కావడం లేదు, అది తన డ్యూటీ చేస్తోంది. తెగవలసిన స్విచ్ అంటుకుపోయి, నిఘా స్విచ్ అడ్డుపడుతోంది. పెద్ద ఫ్యూజు వేసి ఉంటే ఆ చివరి అడ్డు కూడా తొలగిపోయేది. ఇంకొక మెకానిక్ స్విచ్‌ల సెట్టు మొత్తం మార్చాక ఆ ఓవెన్ చాలాకాలం నడిచింది. తలుపు తెరిచేటప్పుడో మూసేటప్పుడో ఫ్యూజు పోతుంటే, ఫ్యూజు ఒక్కటే మార్చి వెళ్లే మనిషిని మళ్లీ పిలవకండి.

స్విచ్‌లను ఇంట్లో పరీక్షించే తీరు ఇది. గిన్నెడు నీళ్లు లోపల పెట్టి ఓవెన్ నడిపించి, పక్కకు నిలబడి, తలుపును తెరవకుండానే పిడి దగ్గర కొద్దిగా అటూ ఇటూ కదపండి. ఓవెన్ ఆగుతూ మళ్లీ మొదలవుతూ ఉంటే గొళ్లెం వదులైంది. తరువాత మామూలుగా తలుపు తెరవండి. తలుపు కదలిన తొలి క్షణంలోనే గుర్రుమనే మోత ఆగాలి, పళ్లెం నిలిచిపోవాలి. దీపం వెలిగి ఉండడం సహజమే, చాలా మోడళ్లలో చల్లార్చే ఫ్యాను కూడా కొద్దిసేపు తిరుగుతుంది. తలుపు తెరిచాక పళ్లెం తిరుగుతూనే ఉన్నా, మోత కొనసాగినా, చేయి లోపల పెట్టకుండా, ముఖం దగ్గరికి తేకుండా వెంటనే గోడ దగ్గర కరెంటు ఆపేయాలి. మరొకసారి చూద్దామని దాన్ని మళ్లీ నడిపించవద్దు. గొళ్లెం రంధ్రాల్లో పుల్లలు, చెంచాలు దూర్చి, తలుపు తెరిచి ఉండగా స్టార్ట్ నొక్కి చూడడం పరీక్ష కానేకాదు, ఓవెన్ తనను తాను కాపాడుకునే ఏర్పాటును చేజేతులా మోసగించడమే.

లీకు గురించి ఎంత భయపడాలి

మైక్రోవేవ్ తరంగాలు అయనీకరణ చేయగల రకం కావు, కాబట్టి ఎక్స్‌రేల మాదిరిగా కణాలలోని అణువులను విరగ్గొట్టవు. ఆహారాన్ని రేడియోధార్మికంగా మార్చవు. స్విచ్ ఆపిన క్షణంలోనే లోపల ఏమీ మిగలకుండా పోతాయి. అవి చేయగల హాని వేడి చేయడమే. ఆ వేడి పెద్ద మోతాదులో ఒంటికి తగిలితే కాలిన గాయాలవుతాయి, రక్తప్రసరణ తక్కువగా ఉండి వేడిని త్వరగా వదిలించుకోలేని కంటి కటకం, వృషణాలు ముందుగా దెబ్బతింటాయి. కనుకనే తలుపు అద్దానికి కళ్లు ఆనించి తొంగి చూసే అలవాటు, ఓవెన్ బాగున్నా సరే, మానుకోవడం మంచిది.

అమెరికాలో 1971 అక్టోబరు నుంచి తయారైన ఓవెన్లకు వర్తించే నియమం ప్రకారం, ఓవెన్ ఉపరితలం నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో కొలిచినప్పుడు, అమ్మకానికి ముందు చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీవాట్, ఆ తరువాత దాని జీవితకాలమంతా 5 మిల్లీవాట్లకు మించి లీకు ఉండకూడదు. అంతర్జాతీయ ప్రమాణంలోనూ పరిమితి ఈ 5 మిల్లీవాట్లే. ఇంకొక ఊరట ఏమిటంటే దూరం పెరిగేకొద్దీ ఈ తీవ్రత చాలా వేగంగా పడిపోతుంది. 5 సెంటీమీటర్ల దగ్గర ఉన్నదానిలో 50 సెంటీమీటర్ల దగ్గర సుమారు నూరో వంతే మిగులుతుంది. తలుపు బాగుండి, సమంగా మూసుకుంటున్న ఓవెన్ ఎంత పాతదైనా, రంగు వెలిసినా, లీకు కారణంగా దాన్ని పారేయవలసిన పని లేదు.

లీకును ఇంట్లోనే కనిపెట్టవచ్చని చెప్పే చిట్కాల్లో బాగా ప్రచారంలో ఉన్నది సెల్‌ఫోన్ చిట్కా. ఆపి ఉన్న ఓవెన్‌లో ఫోను పెట్టి తలుపు మూసి, దానికి ఫోను చేస్తే మోగిందంటే ఓవెన్ లీకవుతోందని దాని సారాంశం. దీన్ని నమ్మకండి. ఫోను వాడే పౌనఃపున్యాలు చాలావరకు వేరు, చోక్ గాడి వాటికోసం చేసినది కాదు. పైగా ఫోను, వాట్‌లో కోటానుకోట్ల వంతు సంకేతాన్ని కూడా అందుకోగలిగేలా తయారైనది. నిక్షేపంలాంటి కొత్త ఓవెన్‌లోనూ అది మోగవచ్చు. ఓవెన్ నడుస్తున్నప్పుడు వైఫై నెమ్మదించడం కూడా ఇలాంటిదే, వైఫై కూడా తరచూ 2.4 గిగాహెర్ట్జ్ (2400 మెగాహెర్ట్జ్) దగ్గరే పని చేస్తుంది కాబట్టి పరిమితికి ఎంతో లోపు ఉన్న లీకు సైతం దానికి అంతరాయం కలిగించగలదు. తక్కువ ధరకు దొరికే చిన్న మీటర్ల అంకెలను కూడా తుది తీర్పుగా తీసుకోలేం. నిజంగా కొలవాలంటే క్రమాంకనం చేసిన, అంటే ప్రమాణంతో పోల్చి సరిచూసిన, లీకు కొలిచే సర్వే మీటరుతో, లోపల సుమారు 275 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి, తలుపు అంచుల వెంబడి 5 సెంటీమీటర్ల దూరంలో తిప్పుతూ కొలవాలి. తలుపు మార్పించినప్పుడో, స్విచ్‌లు బాగు చేయించినప్పుడో ఈ కొలత తీయమని అడగడానికి, వచ్చిన అంకెను చెప్పమనడానికి మొహమాటపడనక్కర లేదు.

నిప్పురవ్వలు, మాడు వాసన

లోపల చిటపటమంటూ మెరుపులు కనిపిస్తే చాలామంది ఓవెన్ పనైపోయిందని నిర్ణయించేస్తారు. తొందరపడవద్దు. ముందుగా పాత్రకు జరీ అంచు లాంటి లోహపు గీత ఉందా, ఎక్కడైనా రేకు ముక్క, చెంచా, తీగ మిగిలిపోయాయా చూడండి. అవేవీ లేకపోతే లోపలి పక్క గోడ మీద, సాధారణంగా కుడివైపున, అట్టముక్కలా కనిపించే అభ్రకం రేకును చూడాలి. మాగ్నెట్రాన్ నుంచి తరంగాలు వచ్చే దారికి అది మూత.

ఒకసారి మా ఓవెన్‌లో, మొదలుపెట్టిన పదో సెకనులోనే బుల్లి నీలి మెరుపు, వెంటనే కాలిన వెంట్రుకల లాంటి వాసన వచ్చాయి. ప్లగ్గు తీసి, చల్లారాక టార్చి వేసి చూస్తే అభ్రకం రేకు కింది మూలన చిటికెన వేలి గోరంత నల్లని మచ్చ, దాని మధ్యలో సూది మొనంత రంధ్రం ఉన్నాయి. చుట్టూ జిడ్డు చిట్లి పేరుకుని గోధుమ రంగు తిరిగింది. జరిగింది ఏమిటంటే, ఆ జిడ్డు తరంగాల వేడికి మాడి బొగ్గయింది. బొగ్గు కరెంటును పారనిస్తుంది కనుక అక్కడ ఆర్క్, అంటే కరెంటు మెరుపు, పుట్టి రేకును కాల్చింది. తుడిస్తే పోయే జిడ్డయితే తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి వాడుకోవచ్చు. బొగ్గు మచ్చ ఏర్పడ్డాక తుడవడం వల్ల లాభం లేదు, రేకు మార్చవలసిందే. చాలా మోడళ్లలో ఇది లోపలి నుంచే ఒక క్లిప్పుతోనో స్క్రూతోనో ఊడి వస్తుంది, కొత్త అభ్రకం షీటును పాత రేకు కొలతకు కత్తెరతో కత్తిరించి పెట్టుకోవచ్చు, అందుకోసం బయటి కవరు విప్పనక్కర లేదు. కొత్తది దొరికే వరకు రేకు లేకుండా నడిపించడం మాత్రం పనికిరాదు, ఆవిరీ జిడ్డూ నేరుగా మాగ్నెట్రాన్ దారిలోకి చేరతాయి. రేకు తీసి చూసినప్పుడు దాని వెనుక లోహపు దారి కూడా కాలి నల్లబడి ఉంటే ఇంట్లో చేసుకునే పని అక్కడితో అయిపోయింది, మెకానిక్‌కు చూపించాలి.

గోడల మీద రంగు లేచిపోయిన చోట కూడా రవ్వలు రావచ్చు. పైపై తుప్పయితే గీకి, ఓవెన్ లోపలికని ప్రత్యేకంగా అమ్మే రంగు వేయవచ్చు, మామూలు రంగు వేయకూడదు. తుప్పు తిని రేకుకు అవతలి వైపు కనిపించే రంధ్రం పడితే, ముఖ్యంగా పళ్లెం కింద అడుగు భాగంలో, ఆ ఓవెన్‌కు సెలవు చెప్పాలి. గోడకు రంధ్రం పడడమంటే తలుపు విరగడంతో సమానమే.

లోపల ఏదైనా అంటుకుని మంట లేచినప్పుడు తలుపు తెరవకూడదు. తెరిస్తే గాలి తగిలి మంట పెరుగుతుంది. ఆపి, ప్లగ్గు తీసి, తలుపు మూసే ఉంచితే చాలావరకు దానంతట అదే ఆరిపోతుంది. ఆరకుండా బయటికి పాకే సూచన ఉంటే అందరినీ బయటికి తీసుకెళ్లి అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి. మంట ఆరిన ఓవెన్ పైకి శుభ్రంగా కనిపించినా, తలుపు పట్టీ, అభ్రకం రేకు, దీపం దగ్గరి తీగలు చూపించకుండా తిరిగి వాడవద్దు.

కరెంటు సంగతి

తరంగాల గురించి భయపడే ఇంట్లోనే, ప్లగ్గు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా ఎవరూ పట్టించుకోకపోవడం నేను చాలాసార్లు చూశాను. 800 వాట్ల ఓవెన్ అంటే ఆహారానికి అందే శక్తి అది, గోడ నుంచి అది లాగేది 1200 వాట్లకు పైమాటే. ఇంత లోడును వదులుగా ఉన్న సాకెట్టు, సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు మోయలేవు. అయిదు నిమిషాలు నడిపాక ప్లగ్గును తాకి చూడండి; గోరువెచ్చదనం ఫరవాలేదు, పట్టుకోలేని వేడి ఉన్నా, సాకెట్టు రంధ్రాల చుట్టూ గోధుమ రంగు మరక ఉన్నా, ప్లాస్టిక్ మాడిన కమురు వాసన వచ్చినా ఆపాలి. ఇక్కడ తప్పు ఓవెన్‌ది కాక సాకెట్టుదే కావచ్చు, అయినా సాకెట్టు మార్చే వరకు ఓవెన్ వాడకూడదు.

ఓవెన్ లోహపు ఒంటిని తాకితే జివ్వుమన్నా, సన్నగా చీమ కుట్టినట్టు అనిపించినా అది ఎర్తింగ్ లోపం. దీన్ని రబ్బరు చెప్పులు వేసుకుని సర్దుకుపోయే విషయంగా చూడకూడదు. సాకెట్టులో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించి, అది బాగుంటే లోపం ఓవెన్‌లోనే ఉన్నట్టు. వైరు మీద పొర చిట్లి రాగి కనిపిస్తే టేపు చుట్టకుండా వైరే మార్పించాలి. కవరు విప్పితేనే తప్ప అతకలేని వైరు కాబట్టి ఇది మెకానిక్ పనే.

ఎవరూ ముట్టుకోకుండా ఓవెన్ తనంతట తాను మొదలవడం, టైమరు సున్నాకు వచ్చాక కూడా ఆగకపోవడం, ఒక బటన్ నొక్కితే మరొకటి పలకడం ఈ వరుసలోనివే. తేమ చేరిన బటన్ల పలక, అంటుకుపోయిన రిలే (కరెంటును కలిపి తెంచే స్విచ్) దీనికి కారణాలు. ఖాళీ ఓవెన్ తనంతట తాను నడిస్తే పీల్చుకునేవారు లేని శక్తి తిరిగి మాగ్నెట్రాన్ మీదికే వెళ్లి దాన్ని వేడెక్కిస్తుంది, లోపల ఏదైనా మరిచిపోయి ఉంటే అది అంటుకుంటుంది. ఇలాంటి లక్షణం ఒక్కసారి కనిపించినా ప్లగ్గు తీసి ఉంచాలి. "మళ్లీ చేయలేదు కదా" అన్నది ఇక్కడ ఊరట కాదు.

భరించగలిగే లోపాలు

లోపలి దీపం పోతే చీకట్లో వాడుకోవచ్చు. బీప్ రాకపోతే, గడియారం తప్పు చూపిస్తే ఎవరికీ ఏమీ కాదు. పళ్లెం తిరగకపోవడం కూడా తరంగాల పరంగా ప్రమాదం కాదు, కానీ దానికి ఇంకొక ముఖం ఉంది. ఓవెన్‌లో తరంగాలు అన్నిచోట్లా ఒకేలా పరుచుకోవు, కొన్నిచోట్ల గుమిగూడతాయి, కొన్నిచోట్ల పలచబడతాయి. పళ్లెం తిరగడం వల్లే ఆ తేడా సర్దుకుంటుంది. పళ్లెం నిలిచిపోతే ఒక పక్క పొగలు కక్కే ఆహారం మరో పక్క చల్లగా మిగిలి, అక్కడ సూక్ష్మజీవులు బతికిపోతాయి. పళ్లెం కింది చక్రాల రింగు గాడి తప్పిందా, మధ్య పట్టు విరిగిందా ముందు చూడండి, చాలాసార్లు కారణం అదే. మోటారే పోయిందనుకుంటే, బాగు చేయించే వరకు మధ్యలో రెండు మూడుసార్లు ఆపి కలుపుతూ, పాత్రను తిప్పి పెడుతూ వాడవచ్చు. తిరిగి వేడి చేసిన ఆహారం మధ్య భాగం కూడా 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలన్నది గుర్తుంచుకోవలసిన కొలత.

వేడి తగ్గినట్టు అనిపిస్తే అనుమానంతో కాకుండా నీళ్లతో తేల్చుకోవచ్చు. ఒక లీటరు మామూలు నీళ్లను గాజు గిన్నెలో పోసి ఉష్ణోగ్రత కొలిచి, పూర్తి శక్తి మీద సరిగ్గా రెండు నిమిషాలు నడిపి, బయటికి తీసి కలిపి మళ్లీ కొలవండి. పెరిగిన డిగ్రీలను 35తో గుణిస్తే నీళ్లకు అందిన వాట్లు వస్తాయి. 25 నుంచి 46 డిగ్రీలకు చేరిందనుకుంటే 21 డిగ్రీల పెరుగుదలకు 735 వాట్లు. ఓవెన్ వెనుక పలక మీద 800 వాట్లని రాసి ఉంటే, గిన్నె కూడా కొంత వేడిని తీసుకుంటుంది కనుక ఇది ఆరోగ్యకరమైన అంకే. సగానికి పడిపోతే, ఆ సమయంలో ఇంట్లో వోల్టేజీ తగ్గలేదని నిర్ధారించుకున్నాక, మాగ్నెట్రాన్ అలిసిపోయిందనుకోవచ్చు. అలిసిన మాగ్నెట్రాన్ వల్ల ప్రమాదం లేదు, వేడి చేసే సమయం పెంచుకోవాలి, అంతే.

అసలు వేడెక్కకుండా మామూలు కన్నా బరువైన, బొంగురు మోత వస్తుంటే మాత్రం ఆపేయండి. కరెంటును ఒకే దిశలో పోనిచ్చే హైవోల్టేజీ డయోడో, చార్జిని నిల్వ చేసే కెపాసిటరో షార్ట్ అయి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడినప్పుడు అలా మోగుతుంది, ఎక్కువసేపు నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. కాసేపు నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడిచే ఓవెన్‌లో చల్లార్చే ఫ్యాను తిరగడం లేదేమో, వెనుక గాలి రంధ్రాలు గోడకు ఆని మూసుకుపోయాయేమో చూడండి. ఖాళీ వదిలినా అలాగే జరుగుతుంటే థర్మల్ కటౌట్ తన పని తాను చేస్తోందన్నమాట, దాన్ని తొలగించి తిన్నగా కలపమని ఎవరు సలహా ఇచ్చినా వినవద్దు.

కవరు ఎందుకు విప్పకూడదు

ఇంట్లో ఉండే సామానులో, ప్లగ్గు తీసేశాక కూడా మనిషిని చంపగలిగినవి అతి తక్కువ, ఓవెన్ వాటిలో ఒకటి. ట్రాన్స్‌ఫార్మర్ గోడ కరెంటును సుమారు 2000 వోల్టులకు పెంచుతుంది, కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని 4000 వోల్టుల దరిదాపులకు తీసుకెళ్తాయి. ప్లగ్గు తీశాక కెపాసిటర్‌లో ఆ చార్జి నిలిచి ఉండవచ్చు. దాన్ని మెల్లగా ఖాళీ చేయడానికి లోపల సాధారణంగా ఒక రెసిస్టర్ ఉంటుంది కానీ, అది తెగిపోయిందో లేదో చూసి చెప్పగలిగే గుర్తు బయటికి ఏదీ కనిపించదు, పాడైన ఓవెన్‌లో అది బాగుందని నమ్మడానికి ఆధారం లేదు. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి డిశ్చార్జి చేసే వీడియోలు చూసి పూనుకోవద్దు. కవరు తీసి నడిపించడం ఇంకా ఘోరం, అక్కడ ఆ వోల్టేజీ వెనుక మనిషిని అక్కడికక్కడే చంపగల కరెంటు ఉంటుంది. కొన్ని మాగ్నెట్రాన్లలోని పింగాణీ భాగంలో బెరిలియం ఆక్సైడ్ ఉంటుంది, పగలగొట్టినా అరగదీసినా లేచే దుమ్ము పీల్చడం ఊపిరితిత్తులకు ప్రమాదం. అయస్కాంతాల కోసం పాత మాగ్నెట్రాన్లను పిల్లల చేత విప్పించే సరదా కూడా అందుకే వద్దంటాను.

మరమ్మతు చేయించాలా, మార్చాలా అన్నదానికి నేను పాటించే పద్ధతి సులువైనది. తలుపు స్విచ్‌లు, పళ్లెం మోటారు, అభ్రకం రేకు, వైరు, ఫ్యాను, ఫ్యూజు మార్పించవచ్చు, అవి పోయినంత మాత్రాన ఓవెన్ ముసలిది అయినట్టు కాదు. తలుపు చట్రమే వంగిందా, గోడకు రంధ్రం పడిందా, ఆ మోడల్‌కు సరిగ్గా సరిపోయే తలుపు దొరకడం లేదా, అప్పుడు మరమ్మతుకు డబ్బు పెట్టను. వేరే మోడల్ తలుపును సర్ది బిగిస్తామనే మాటకు ఒప్పుకోకూడదు, ఎందుకంటే చోక్ గాడి ఆ చట్రానికి, ఆ సందుకు లెక్క వేసి చేసినది.

ఆపేయాలని నిర్ణయించిన ఓవెన్‌ను వంటింటి మూల అలాగే ఉంచితే, ఆ సంగతి తెలియని ఎవరో ఒకరు ప్లగ్గు పెడతారు. మెకానిక్ వచ్చేదాకా ఉంచవలసి వస్తే ప్లగ్గుకే కాగితం చుట్టి "వాడవద్దు" అని రాసి కట్టండి, చీటీ తలుపు మీద అంటిస్తే ఊడిపోతుంది. పూర్తిగా వదిలించుకునేటప్పుడు, ప్లగ్గు సాకెట్టులో లేదని రెండుసార్లు చూసుకుని, వైరును ఓవెన్ ఒంటికి దగ్గరగా కత్తిరించి, కవరు విప్పకుండా, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే వారికి, ఏది చెడిందో, లోపల కెపాసిటర్ ఉందనీ చెప్పి మరీ అప్పగించండి.